బ్యాంకాక్ నాలుగు రోజులు: ఎండకీ ట్రాఫిక్‌కీ దొరక్కుండా ఊరు చూసే పద్ధతి

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లని కదిపితే చాలామంది చెప్పే మాట ఒకటే: "ఊరు బాగుంది గానీ, సగం టైమ్ కార్లోనే అయిపోయింది." ఇందులో ఊరి తప్పేం లేదు. చూడాల్సినవన్నీ కాగితం మీద వరసగా రాసుకుని, ఒక్కోదానికీ ఒక టాక్సీ పెట్టుకుంటే ఎవరికైనా అంతే. ఇక్కడ తిరగడానికి లెక్క వేరు. పొద్దున పదకొండు లోపు ఆరుబయట, మిట్టమధ్యాహ్నం నీడపట్టున, పొద్దువాలాక మళ్లీ వీధిలో. రోడ్డు కన్నా పడవ మేలు, పడవ పోని చోట రైలు మేలు. ఈ రెంటినీ పట్టుకుంటే అమ్మానాన్నల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని కూడా నాలుగు రోజుల్లో ఊరు చూసేయొచ్చు. పట్టాయా, ఫుకెట్ సంగతులు ఇందులో లేవు. ఇది బ్యాంకాక్‌కీ, ఒక్క పూట పాత రాజధాని అయుత్తయకీ మాత్రమే.

మొదటి పని: బయల్దేరే ముందు

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లగలిగితే మంచిది. దాన్ని వాళ్లు చలికాలం అంటారు గానీ, స్వెటర్ పని పడేది మాల్స్‌లో ఏసీకే. మార్చి నుంచి ఎండ మాడు పగలగొడుతుంది. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సాంగ్‌క్రాన్, అంటే వాళ్ల సంవత్సరాది. ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. సరదాగానే ఉంటుంది, కానీ గుళ్లు చూద్దామని వెళ్లేవాళ్లకి అది అదను కాదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన దంచుతుంది. అయినా ఎక్కువగా సాయంత్రం పూట కాసేపు కురిసి తెరిపిస్తుంది కాబట్టి, టికెట్లు చవగ్గా దొరికితే ఆ నెలల్నీ కొట్టిపారేయక్కర్లేదు.

2024 జూలై నుంచి భారతీయులకి వీసా లేకుండా 60 రోజుల దాకా ఉండే వెసులుబాటు ఇచ్చారు. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి, టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్ ఒకసారి చూసుకోండి. 2025 మే 1 నుంచి ఇంకో పని కలిసింది, డిజిటల్ అరైవల్ కార్డ్. దిగే తేదీకి మూడు రోజుల లోపు దాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి పైసా కూడా కట్టక్కర్లేదు. గూగుల్‌లో వెతగ్గానే కనిపించే కొన్ని సైట్లు డబ్బులడుగుతాయి, అవి ప్రభుత్వానివి కావు. నేరుగా థాయ్ ఇమ్మిగ్రేషన్ శాఖ సైట్లోనే నింపి, వచ్చిన క్యూఆర్ కోడ్ ఫోన్లో పెట్టుకోండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిసంచీలో ఉండాలి, కౌంటర్ దగ్గర అడిగితే వెంటనే చూపించడానికి. ఈ-సిగరెట్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి. ఆ దేశంలోకి వాటిని తీసుకెళ్లడమే నేరం.

బట్టల విషయంలో ఒక్కటే జాగ్రత్త. గుళ్లకి వెళ్లే రోజుల్లో భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. పలుచని నూలు ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా, చుడీదార్, చీర అన్నీ సరే. లేసులున్న బూట్లకంటే తొడిగి విప్పడానికి తేలికైన చెప్పులు మేలు, రోజుకి అయిదారు సార్లు విప్పాల్సి వస్తుంది. మన రెండు పుల్లల ఛార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, లావు మూడు పుల్లలవి పట్టవు.

డబ్బు సంగతి. వాళ్ల కరెన్సీ బాట్ విలువ సుమారుగా రెండున్నర రూపాయల నుంచి మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది. అక్కడ వస్తువు కొనేటప్పుడు మూడుతో గుణించి చూసుకోండి, దెబ్బ తినరు. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్లకి పైగా రుసుం లాగేస్తుంది. తీస్తే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి, లేదంటే నోట్లు తీసుకెళ్లి మార్చుకోండి. సువర్ణభూమి విమానాశ్రయంలో పై అంతస్తుల్లో ఉండే బ్యాంకు కౌంటర్ల కన్నా, కింద రైలు స్టేషన్ దగ్గరుండే మనీ ఛేంజర్ల దగ్గర రేటు బాగుంటుంది.

రెండో పని: గది ఎక్కడ?

సగం ప్రయాణం ఇక్కడే తేలిపోతుంది. మనవాళ్లకి ఏజెంట్లు ఎక్కువగా చూపించేది ప్రతునామ్. ఇడ్లీ దోసె దొరుకుతాయి, బట్టల హోల్‌సేల్ బజారు గుమ్మం ముందే, గదులు చవక. కానీ స్కైట్రైన్, అంటే రోడ్ల పైన వంతెనల మీద పోయే రైలు, అక్కడికి రాదు. దాని స్టేషన్‌కి ఎండలో పావుగంట నడవాలి, లేదా జామ్‌లో కూర్చోవాలి. బట్టల కొనుగోలుకే వెళ్తుంటే ప్రతునామ్, ఊరు చూడ్డానికైతే వద్దు.

పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు ఫయా థాయ్, రాచథేవి పరిసరాలకి. విమానాశ్రయం రైలు ఫయా థాయ్‌లోనే ఆగుతుంది, స్కైట్రైన్ అక్కడే ఎక్కొచ్చు. నది కావాలనుకుంటే సఫాన్ తక్సిన్ స్టేషన్ దగ్గర చూడండి, రైలు దిగి మెట్లు దిగితే పడవల రేవు. అసోక్ సౌకర్యమైన కూడలే, స్కైట్రైన్, భూగర్భ మెట్రో రెండూ కలుస్తాయి. అయితే ఆ చుట్టుపక్కల, నానా వైపు కొన్ని సందులు రాత్రయితే పిల్లలతో నడిచే చోట్లు కావు. బుక్ చేసేముందు మ్యాప్‌లో ఏ సందో చూసుకోండి. ఖావ్ సాన్ రోడ్డు కుర్రాళ్ల అడ్డా. అక్కడ రాత్రి పన్నెండుకి కూడా చెవులు చిల్లులు పడే పాటలు, పైగా దగ్గర్లో రైలు లేదు.

మూడో పని: విమానాశ్రయం నుంచి ఊళ్లోకి

మన గడియారం కన్నా అక్కడిది గంటన్నర ముందు. సువర్ణభూమిలో దిగితే రైలే దారి. అరగంటలో ఫయా థాయ్ చేరుస్తుంది, 45 బాట్లు మించదు, అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ఆఖరి రైలు దాటిపోయినా, సామాన్లు నాలుగైదు పెట్టెలున్నా కింది అంతస్తులో టాక్సీ క్యూ ఉంది. మిషన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీదున్న నంబరు దగ్గర మీ టాక్సీ నిలబడి ఉంటుంది. మీటర్ 35 బాట్లతో మొదలవుతుంది, విమానాశ్రయం రుసుం 50 అదనం, టోల్ గేట్ల డబ్బు మీరే ఇవ్వాలి. లోపల హాల్లోనే "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్లకి తల అడ్డంగా ఊపి ముందుకి సాగిపోండి. చవక విమానాలు కొన్ని డాన్ ముయాంగ్ అనే ఇంకో విమానాశ్రయంలో దిగుతాయి. అక్కణ్నుంచి ఎర్ర లైన్ రైలు క్రుంగ్ థెప్ అఫివాత్ స్టేషన్‌కి వస్తుంది, దాన్ని ఆనుకునే మెట్రో ఉంది.

టూరిస్ట్ సిమ్ విమానాశ్రయంలోనే పాస్‌పోర్ట్ చూపించి తీసుకోండి. టాక్సీ పిలుచుకునే గ్రాబ్, బోల్ట్ యాప్‌లు మన ఊళ్లో ఉన్నప్పుడే దించుకుంటే ఓటీపీల గొడవ ఉండదు.

భూగర్భ మెట్రోలో వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తున్న కార్డుని గేటుకి తాకిస్తే చాలు, టికెట్ అక్కర్లేదు. స్కైట్రైన్‌ది వేరే సంస్థ, దానికి మిషన్లో టికెట్ కొనాలి, లేదా ముందే డబ్బు వేసుకుని వాడే రాబిట్ కార్డు తీసుకోవాలి. పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఆరింటికీ స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వస్తుంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు, మనమూ నిలబడాలి. రాజకుటుంబం గురించి తేలిగ్గా మాట్లాడటం, జోకులెయ్యడం ఆ దేశంలో జైలు దాకా తీసుకెళ్తాయి. ఈ విషయంలో వాళ్లకి విదేశీయుడన్న మినహాయింపు లేదు.

మొదటి రోజు: నది ఒడ్డు

ఎనిమిదింపావుకల్లా గ్రాండ్ ప్యాలెస్ గేటు ముందు ఉండాలి. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, తొమ్మిదిన్నర దాటితే టూరు బస్సులు దిగుతాయి. ఆ గంట తేడాతో చూసే ఊరే మారిపోతుంది. సఫాన్ తక్సిన్ స్టేషన్ కింద సాథోన్ రేవులో ఆరెంజ్ జెండా పడవ ఎక్కి తా చాంగ్ రేవులో దిగండి, టికెట్ 20 బాట్ల లోపే. అదే రేవులో నీలం జెండా టూరిస్టు పడవ టికెట్లమ్మేవాళ్లు ముందుగా మిమ్మల్నే పిలుస్తారు. అదీ మంచిదే, కాకపోతే ధర ఎక్కువ. మెట్రో మీద వచ్చేవాళ్లు సనామ్ చాయ్‌లో దిగి పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. ఆ స్టేషన్ లోపలి స్తంభాలనీ పైకప్పునీ పాత రాజభవనం తరహాలో తీర్చారు, తల పైకెత్తి చూస్తూ నడవండి.

ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుంటే శుభ్రంగా ఇస్త్రీ బట్టలేసుకున్న మనిషొకడు చక్కటి ఇంగ్లీషులో పలకరిస్తాడు. "ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా లోపలికి పంపరు. ఈలోగా వేరే గుళ్లు చూసి రండి, టుక్‌టుక్ 40 బాట్లే" అంటాడు. ప్యాలెస్ తెరిచే ఉంటుంది. ఆ టుక్‌టుక్ తిన్నగా రత్నాల దుకాణానికో, కోట్లు కుట్టే టైలర్ దగ్గరికో పోతుంది. ఈ మోసానికి దశాబ్దాల వయసుంది, ఇప్పటికీ నడుస్తోంది. జవాబు చెప్పకుండా గేటు దాకా వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. నిజంగానే రాజకార్యాలకి మూసే రోజులు అప్పుడప్పుడు ఉంటాయి, వాటిని ప్యాలెస్ అధికారిక సైట్లో ముందే పెడతారు.

టికెట్ విదేశీయులకి 500 బాట్లు. ఖరీదే. కానీ ఈ ఊళ్లో దేనికైనా డబ్బు పెట్టాలంటే దీనికే పెట్టాలి. 1782లో మొదటి రాముడు అనిపించుకున్న రాజు నది తూర్పు ఒడ్డుకి రాజధాని మార్చి కట్టించిన కోట ఇది. లోపల వాట్ ఫ్రా కేవ్‌లో (వాట్ అంటే గుడి) మరకత బుద్ధుడున్నాడు. పేరు విని పెద్ద విగ్రహం ఊహించుకోకండి. 66 సెంటీమీటర్ల ఎత్తు, ఎత్తయిన బంగారు పీఠం మీద చాలా పైన కూర్చుని ఉంటాడు. ఎండకాలం, వానకాలం, చలికాలం మారినప్పుడల్లా రాజే వచ్చి బంగారు వస్త్రం మారుస్తాడు. లోపల ఫొటోలు తీయకూడదు. కూర్చుంటే కాళ్లు వెనక్కి మడుచుకోవాలి, పాదాలు విగ్రహం వైపు చాపకూడదు.

జనం అక్కడితో సరిపెట్టుకుని ఫొటోల కోసం బయటికి పరిగెత్తుతారు. మీరు మాత్రం చుట్టూ ఉన్న వసారా గోడల దగ్గర అరగంట ఆగండి. ఆ గోడల మీద 178 బొమ్మల్లో రామాయణం ఉంది. వాళ్లు రామకియెన్ అంటారు. ఉత్తరం గేటు దగ్గర మొదలై కుడి చేతి వైపుగా తిరుగుతుంది. మన తెలుగు ఇళ్లలో రామకథ విని పెరిగినవాళ్లకి ఇక్కడ దొరికే తమాషా ఇంకెవరికీ దొరకదు. తెలిసిన కథే, తీరు మాత్రం వేరు. రావణుడిది ఆకుపచ్చ మొహం. సీత అతని కూతురే, పుట్టగానే కుండలో పెట్టి నీళ్లలో వదిలేస్తారు. వారధి రాళ్లని సముద్రంలో చేపలు ఎత్తుకుపోతుంటే, వాటి వెనకున్న రావణుడి కూతురు, సగం చేప అయిన సువన్నమచ్ఛతో హనుమంతుడు ప్రేమలో పడతాడు. బ్రహ్మచారి అన్న మాటే లేదక్కడ! వాళ్లకి పుట్టిన కొడుకు మచ్ఛాను తర్వాత పాతాళానికి కాపలా కాస్తూ తండ్రికే అడ్డం పడతాడు. మైరావణుడి కథ, మత్స్యవల్లభుడి కథ అమ్మమ్మ దగ్గర విన్నవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న మంటపాన్ని నోట్లో దాచుకుని కూర్చున్న బొమ్మ వెతకండి. మైయరాప్ అనే మైరావణుడి నుంచి కాపాడ్డానికే అది. బొమ్మల్లో నగలకీ కిరీటాలకీ వాడిన బంగారు రేకు పొద్దుటి ఏటవాలు వెలుగులో మెరుస్తుంది, మధ్యాహ్నానికి ఆ మెరుపు తగ్గిపోతుంది. పిల్లలకి కథ చెబుతూ నడిపిస్తే వాళ్లే తర్వాతి బొమ్మకి లాక్కెళ్తారు.

పదకొండుకి బయటపడి దక్షిణంగా నడిస్తే వాట్ ఫో, టికెట్ 300 బాట్లు. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. మొహం దగ్గర అందరూ గుమిగూడతారు గానీ అసలు పనితనం పాదాల దగ్గరుంది. అరికాళ్ల మీద 108 మంగళచిహ్నాలు ముత్యపు చిప్పతో పొదిగారు. వెనక వైపు గోడ వెంట 108 కంచు గిన్నెలుంటాయి. చిల్లర నాణేలు కొనుక్కుని ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేసుకుంటూ పోతారు, ఆ టింగు టింగు చప్పుడు హాలంతా వినిపిస్తూనే ఉంటుంది. థాయ్ మర్దన నేర్పే పాత బడి ఇక్కడే. ఆవరణలోనే మర్దన చేయించుకోవచ్చు, బయట వీధిలో అయితే కాళ్ల మర్దన గంటకి 300 బాట్ల చుట్టుపక్కల ఉంటుంది. మధ్యాహ్నం ఎండ గంటలు గడపడానికి ఇంతకన్నా మంచి సాకు లేదు.

మూడున్నరకి తా తియెన్ రేవులో అయిదు బాట్లిచ్చి పడవ మీద అవతలి ఒడ్డుకి దాటితే వాట్ అరుణ్, టికెట్ 200. దూరం నుంచి తెల్లగా కనిపించే గోపురం దగ్గరికి వెళ్తే పువ్వులు పువ్వులుగా విడిపోతుంది, అన్నీ చైనా పింగాణీ ముక్కలు. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఆగాలి. థాయ్ పట్టుబట్టలు అద్దెకి కట్టుకుని ఫొటోలు దిగేవాళ్లతో ఆవరణ కళకళలాడుతుంది. అమ్మాయిలుంటే దానికో గంట కేటాయించక తప్పదు. ఒక్కటి గుర్తుంచుకోండి, సూర్యాస్తమయంలో ఈ గోపురం చూడాలంటే దీని దగ్గర కాదు, మళ్లీ తా తియెన్ వైపే ఉండాలి. అయిదున్నరకి ఇవతలికి వచ్చేయండి. చీకటి పడ్డాక ఆరెంజ్ జెండా పడవలు ఆగిపోతాయి, అప్పుడు సనామ్ చాయ్ మెట్రోనే.

తిండి: మొహమాటపడితే పస్తులే

మాంసం తినేవాళ్లకి ఈ ఊరు స్వర్గం. వాళ్లకి చెప్పాల్సింది పెద్దగా లేదు, 'ము' అంటే పంది, 'నువా' అంటే గొడ్డు మాంసం, 'కాయ్' అంటే కోడి అని తెలిస్తే చాలు. శాకాహారులకే పాఠం కావాలి. కూరగాయల వేపుడని చెప్పి తెచ్చినదాంట్లోనూ చేపల సాసు ఉంటుంది. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, మనకి ఉప్పెంతో అదంత. కాబట్టి 'శాకాహారం' అన్న మాట కన్నా 'జే' అన్న మాట పనికొస్తుంది. 'కిన్ జే' అంటే మాంసం, చేపల సాసు, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి వెల్లుల్లి కూడా లేని తిండి. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరంతో జెండా కట్టిన బండి కనిపిస్తే కళ్లు మూసుకుని తినొచ్చు. మామూలు బండి దగ్గరైతే 'మై సాయ్ నామ్ ప్లా', చేపల సాసు వద్దు, 'మై సాయ్ ఖాయ్', గుడ్డు వద్దు అనండి. మగవాళ్లు చివర 'ఖ్రప్', ఆడవాళ్లు 'ఖా' చేర్చితే మర్యాద.

పచ్చి బొప్పాయి సలాడ్, సోమ్ తమ్, తప్పకుండా చేయించుకోవాలి. బండి దగ్గర నిలబడి చూడండి. ఆవిడ లోతైన రోట్లో ముందు వెల్లుల్లి, మిరపకాయలు వేసి కర్ర రోకలితో నలుపుతుంది, తాటిబెల్లం, నిమ్మరసం, టమాటా, అలసంద కాయలు, వేరుశనగలు. పక్కనే గులాబీ రంగులో ఎండు రొయ్యల డబ్బా, సాసు సీసా. ఆ రెండింటి వైపు చెయ్యి వెళ్లేలోపే 'మై సాయ్' అనాలి, ఒక్కసారి రోట్లో పడ్డాక చేసేదేమీ లేదు. మిరపకాయలు ఎన్నని అడిగితే గుంటూరు పౌరుషానికి పోయి అయిదు అనకండి. అక్కడి చిన్న మిర్చి రెండే చాలు.

ఏసీలో తినాలంటే మాల్స్‌లోని ఫుడ్ కోర్టులు. అసోక్‌లో టెర్మినల్ 21 పై అంతస్తులోది వీధి ధరలతో సమానం. ముందే కార్డులో డబ్బు వేసుకుంటారు, మిగిలింది తిరిగిచ్చేస్తారు. అన్నం మీద మనసు పోతే ఫహురత్ వెళ్లండి, సామ్ యోత్ మెట్రో దగ్గర. అది అక్కడి మన బజారు. బంగారు గుమ్మటం కనిపించే గురుద్వారాలో పొద్దున పూట లంగర్, అంటే ఉచిత భోజనం ఉంటుంది, తలమీద గుడ్డ కప్పుకుని ఎవరైనా కూర్చోవచ్చు. మార్చి నుంచి మే దాకా మామిడిపండుతో జిగురన్నం, దాని మీద కొబ్బరిపాలు. మన బంగినపల్లి తిన్న నాలుక కూడా ఒప్పుకుంటుంది. దురియన్ పండు రుచి మీ ఇష్టం గానీ గదికి తేకండి, వాసనకి హోటళ్లు జరిమానా వేస్తాయి.

రెండో రోజు: బంగారు కొండ, కాలువ, దేవుళ్ల కూడలి

పొద్దున్నే వాట్ సాకేత్. 344 మెట్లు, కానీ కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ మెల్లగా ఎక్కిస్తాయి, దారిలో గంటలు కొట్టుకుంటూ పోవచ్చు. మన దేశంలో పిప్రాహ్వా స్తూపం తవ్వినప్పుడు దొరికిన బుద్ధుడి అస్థికల్లో కొన్నింటిని 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజుకి ఇచ్చింది. వాటిని ఈ కొండ మీదే ప్రతిష్ఠించారు.

కిందికి దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే నడిరోడ్డు మీద ఎర్రటి టేకు స్తంభాలు రెండు, మహా ఊయల. 1784లో కట్టారు. పండగనాడు మనుషులు దాని మీద ఊగుతూ ఎత్తున కట్టిన నాణేల సంచీని పళ్లతో అందుకునేవాళ్లు. 1935లో ఆపేశారు. దగ్గర్లోనే దేవస్థాన్ ఉంది, శివుడు, వినాయకుడు, విష్ణువు మూడు చిన్న గుళ్లు. ఆస్థాన బ్రాహ్మణులు ఇప్పటికీ ఇక్కడున్నారు. మనకి ధనుర్మాసం నడిచే రోజుల్లోనే వాళ్లు చేసే పండగలో శివుడి మీద తమిళంలో ఉన్న తిరువెంబావై పద్యాలు తరతరాలుగా నోటికి వచ్చిన ఉచ్చారణలో చదువుతారు. బస్సుల్లో వచ్చేవాళ్లు ఇక్కడ ఆగరు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది.

మళ్లీ కొండ పక్కకే వచ్చి ఫాన్‌ఫా రేవులో సేన్ సేప్ కాలువ పడవ ఎక్కండి. ఇది టూరిస్టుల కోసం కాదు, ఆఫీసులకి వెళ్లేవాళ్ల పడవ. రేవులో నిమిషం కూడా ఆగదు, తాడు పట్టుకుని గబాల్న దూకాలి. టికెట్లిచ్చేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద బయటివైపు నడుస్తూ వస్తారు. ఎదురుగా ఇంకో పడవ వస్తుంటే అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ పట్టా పైకెత్తుతారు. ఆ తాడు మీ పక్కనే ఉంటే ఆ డ్యూటీ మీదే, నీళ్లు శుభ్రమైనవి కావు మరి. నడవలేని పెద్దవాళ్లు ఈ పడవ మానుకుని టాక్సీలో రావడం మంచిది. హువా చాంగ్ రేవులో దిగితే జిమ్ థాంప్సన్ ఇల్లు నడక దూరం. థాయ్ పట్టుని ప్రపంచానికి అమ్మిన ఈ అమెరికన్ 1967లో మలేసియా కొండల్లో షికారుకి వెళ్లి మాయమైపోయాడు, ఇప్పటికీ ఆచూకీ లేదు. పాత టేకు ఇళ్లని విప్పి తెచ్చి ఇక్కడ కూర్చుకున్నాడు. మిగిలిన మధ్యాహ్నం పక్కనే ఎంబీకే, సియాం మాల్స్‌లో గడపండి.

ఆరయ్యాక స్కైట్రైన్ కింద నడకవంతెన మీదుగా చిత్ లోమ్ వైపు వెళ్తే ఎరవాన్. నాలుగు ముఖాల బ్రహ్మ. 1956లో హోటల్ కడుతుంటే ప్రమాదాలు వరసగా జరుగుతున్నాయని పెట్టిన గుడి. మనకి బ్రహ్మ గుడి ఎక్కడో గానీ కనపడదు, ఇక్కడ ఆఫీసు వదిలిన ఊరంతా బంతిపూల దండలతో ఆయన ముందు నిలబడి ఉంటుంది. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి నాట్యం చేయిస్తారు, మొక్కుకున్నవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఉంటే వెనక అమ్మాయిలు ఆడుతుంటారు. ఈ కూడలి చుట్టూ హోటళ్లూ మాల్స్ ముందు ఇంద్రుడు, గరుడుడి మీద నారాయణుడు, వినాయకుడు, ఒక భవనం పైన లక్ష్మీదేవి కూడా ఉన్నారు. సెంట్రల్ వరల్డ్ ముందున్న త్రిమూర్తి దగ్గర ప్రేమికులు ఎర్ర గులాబీలు పెడతారు. అన్నీ చుట్టిరావడానికి గంట చాలు.

మూడో రోజు: సంత, ఉడుములు, యావ్వరాత్

శని, ఆదివారాలైతే చతుచక్ సంత. పది లోపు వెళ్లి ఒంటిగంటకి బయటపడాలి, రేకుల కింద ఆ తర్వాత ఉక్కపోతకి తట్టుకోలేరు. 27 విభాగాలున్నాయి. నచ్చింది కనిపిస్తే అప్పుడే కొనేయండి, మళ్లీ వద్దామనుకుంటే ఆ సందు దొరకదు. తప్పిపోతే కలుసుకోవడానికి గడియారం స్తంభం ఆనవాలు. బేరం ఆడొచ్చు గానీ చార్మినార్ దగ్గర ఆడినట్టు సగానికి సగం అడిగితే మొహం తిప్పుకుంటారు. నవ్వుతూ రెండు మూడు కొంటానంటే పదో ఇరవయ్యో శాతం దిగుతారు.

మామూలు రోజైతే పొద్దున లుంఫినీ పార్కుకి వెళ్లండి. చెరువు గట్టు మీద మనిషంత పొడవు ఉడుములు ఎండకాగుతూ ఉంటాయి. పరిగెత్తేవాళ్లు వాటి పక్కనుంచే పోతుంటారు, ఎవరూ పట్టించుకోరు. మనమూ దూరం నుంచి చూస్తే చాలు. సిలోమ్ రోడ్డులో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి అక్కణ్నుంచి దగ్గరే. లోపల మనకన్నా థాయ్ భక్తులే ఎక్కువ ఉంటారు.

సాయంత్రం చైనాటౌన్. ముందు వాట్ త్రైమిత్‌లో అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుణ్ని చూడండి. ఎప్పుడో శత్రువుల కంటపడకుండా సున్నం పూసి దాచారు, అసలు సంగతి అందరూ మరిచిపోయారు. 1955లో విగ్రహాన్ని జరుపుతుంటే పూత పెచ్చులూడి లోపలి బంగారం బయటపడింది. చీకటి పడేసరికి యావ్వరాత్ రోడ్డు మీద పొయ్యిలు వెలుగుతాయి. మెట్రో స్టేషన్ వాట్ మంగ్‌కోన్. సోమవారాలు చాలా బండ్లు రావు. శాకాహారులకి వేయించిన చెస్ట్‌నట్లు, దానిమ్మ రసం, సోయా పాలు, తీపి సూప్‌లు ఉంటాయి. నీటి మీద సంతల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, దమ్నోన్ సదువాక్ వంద కిలోమీటర్ల దూరం, పూర్తిగా టూరిస్టుల వ్యవహారం. పడవ సంతే కావాలంటే శని, ఆదివారాల్లో ఊళ్లోనే ఉన్న ఖ్లోంగ్ లాత్ మయోమ్ మేలు.

నాలుగో రోజు: అయుత్తయ

ఏడు గంటల ప్రాంతంలో క్రుంగ్ థెప్ అఫివాత్ స్టేషన్‌కి వెళ్లి కౌంటర్లో టికెట్ తీసుకోండి. 80 కిలోమీటర్లు, గంటన్నర రెండు గంటల ప్రయాణం. మూడో తరగతి ఫ్యాన్ బండికి చిల్లర డబ్బులే, కిటికీలు తెరిచి పొలాలు చూసుకుంటూ పోవచ్చు. ఏసీ బండికి ఎక్కువవుతుంది. 14వ శతాబ్దం నుంచి 1767 దాకా సియాం రాజధాని ఇది. ఆ ఏడు బర్మా సేనలు తగలబెట్టాక మళ్లీ లేవలేదు. వాట్ మహాథాత్‌లో రావి చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి శిరస్సు దగ్గర ఫొటో దిగాలంటే కింద కూర్చోవాలి, మన తల ఆ తలకన్నా పైన ఉండకూడదు. కాపలాదారు ఊరుకోడు. సైకిల్ అద్దెకి దొరుకుతుంది, పెద్దవాళ్లుంటే గంటలెక్కన టుక్‌టుక్ మాట్లాడుకోండి. ఏనుగు సవారీ జోలికి పోకండి, ఆ ఎండలో వాటి పాట్లు చూస్తే తిన్నది అరగదు. నది ఒడ్డున వాట్ చాయ్‌వత్తనారామ్ ఆఖరికి పెట్టుకుని, మూడు నాలుగు గంటల బండికి వెనక్కి వచ్చేయండి.

ఆఖరి పని: తిరుగు ప్రయాణం

ఒకే దుకాణంలో ఒకే రోజు 2,000 బాట్లు దాటి కొంటే పన్ను వాపసు ఫారం అడగండి, పాస్‌పోర్ట్ చూపించాలి. కొన్నది మొత్తం 20,000 బాట్లు దాటితే, విమానాశ్రయంలో పెట్టెలు చెకిన్‌కి ఇవ్వకముందే కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. పెద్ద బుద్ధ విగ్రహాలు అనుమతి లేకుండా బయటికి తీసుకురానివ్వరు.

ఇంకోటి, ఇది కుర్రాళ్లున్న గ్రూపులు మరీ శ్రద్ధగా వినాలి. ఆ ఊళ్లో గంజాయి దుకాణాలు బోర్డులు పెట్టుకుని కనిపిస్తాయి. 2025లో నిబంధనలు బిగించి వైద్యుడి చీటీ ఉండాలన్నారు. అక్కడ ఏమున్నా, ఇక్కడ శంషాబాద్‌లో దిగేసరికి అది ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం కింద కేసు. బ్యాంకాక్ విమానాల్లో వచ్చి హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచే) గంజాయితో దొరికినవాళ్ల వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. "అన్నా, లగేజీ ఎక్కువైంది, ఈ చిప్స్ ప్యాకెట్లు నీ పెట్టెలో పెట్టవా" అని తెలుగులోనే అడిగినా సరే, పరాయివాళ్ల సామాను ముట్టుకోకండి.

సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య సువర్ణభూమికి టాక్సీ వద్దు. ఫయా థాయ్‌లో రైలెక్కండి, అది బయల్దేరేది అక్కణ్నుంచే కాబట్టి ముందు వచ్చినవాళ్లకి పెట్టెలతో సహా కూర్చోడానికి చోటు దొరుకుతుంది.